టేకడవిలో పట్టాల మేకులు

మొగుడు వంగి బూటు తాడు కట్టుకునేలోపు సుమర్సీ గబగబా నాలుగడుగులు ముందుకేసి, చేతిసంచీలోంచి తుప్పుపట్టిన ఇనుప మేకు తీసి, టేకుచెట్టు మొదట్లో మట్టిలోకి సగం దిగేలా నొక్కింది. పైన రెండు ఎండుటాకులు కప్పి, ఏమీ ఎరగనట్టు తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

కర్దిమాన్ ఆయాసపడుతూ వచ్చి, అటూ ఇటూ చూసి, కాలితో ఆకులు కదిలించాడు. మేకు బయటపడింది.

“చూశావా? రైలు ఇటే పోయింది.”

“ఇటు వచ్చిందంటే ఆ గుట్ట మీదికి కూడా పోయే ఉంటుంది,” అంది సుమర్సీ. గుట్ట మీద పాతాల్సినవి సంచీలో ఇంకా ఉన్నాయి.

కర్దిమాన్ పోస్టాఫీసులో రిటైరైనప్పటి నుంచీ, డచ్చివాళ్ల కాలంలో జావా దీవిలోని బ్లోరా అడవుల్లోంచి టేకు దుంగలు మోసిన బుల్లి రైలుకి నమూనా కడుతున్నాడు. ముందుగదిలో సగం ఆ బల్లకే పోయింది. దానికోసం అటవీ ఆఫీసులో చెదలు తిన్న పటాలు తిరగేశాడు. బండ్లకి దుంగలెక్కించిన ముసలివాళ్లని వెతికి పట్టుకుని, ఇంజను రంగు దగ్గర్నుంచి కూత వరకూ అడిగాడు. అన్నీ దొరికాయి గాని, దుంగల అడితి నుంచి గుట్టల్లోకి వెళ్లిన చివరి శాఖ ఏ దారిన పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పట్టాలు ఎప్పుడో పీకేశారు. అందుకే బల్ల మీద ఆ మూల బోసిగా ఉండిపోయింది. ఆధారం లేకుండా జానెడు పట్టా కూడా వెయ్యనని అతని పంతం.

అలాంటి రోజుల్లో ఆరోగ్యకేంద్రం వాళ్లు పెద్దవాళ్లందరికీ రక్తం తీశారు. ఫలితం తెలుసుకోవడానికి మళ్లీ రమ్మంటే సుమర్సీ కదల్లేదు. రక్తం ఇచ్చింది చాలక మాటలు కూడా పడాలా అంది. కర్దిమాన్ ఒక్కడే వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఒంట్లో చక్కెర హెచ్చిందట. ఇప్పట్లో మందులక్కర్లేదు గాని తీపి మానాలట, రోజూ బాగా నడవాలట. సుమర్సీ సంగతి అడిగితే, నీకేం, గుండ్రాయిలా ఉన్నావన్నాడు.

“నడవమన్నారుగా, మరి నడవండి.”

“పనీపాటా లేకుండా రోడ్డు మీద చేతులూపుకుంటూ తిరగడానికి నాకేం పిచ్చా?” అని అతను మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు.

బతిమాలినా కసిరినా లేవలేదు. సుమర్సీ తిన్నగా పాత ఇనప సామాను అమ్మే మర్జూకీ దగ్గరికి వెళ్లి, బుట్టెడు పట్టాల మేకులు కొనుక్కుంది. ఎందుకని అడిగితే మొగుడి ఆరోగ్యానికంది. మర్జూకీ కాసేపు ఆలోచించి, “ఇనుము మంచిదే అమ్మా, కాని కషాయం పెట్టేముందు తుప్పు బాగా కడగండి,” అన్నాడు.

టేకాకులు కోసుకోవడానికి వెళితే కాలికి తగిలిందని ఒక మేకు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. కర్దిమాన్ బూట్లు తొడుక్కున్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలని ఆమెనూ బయల్దేరదీశాడు.

అది మొదలు, రోజూ పొద్దున్నే ఇద్దరూ అడవిలోనే. సుమర్సీకైతే రెండింతల నడక, ఎందుకంటే సాయంత్రం పూట ఒక్కతే వెళ్లి మర్నాటి మేకులు పాతి రావాలి; చాలకపోతే పొద్దున నడకలోనే అతని కళ్లుగప్పి నొక్కాలి. మొగుడు చప్పటి టీ తాగుతుంటే తను తియ్యటిది తాగడానికి మనసొప్పక, తనూ చక్కెర మానేసింది.

మూడు నెలలు గడిచేసరికి ఆమె రవికెలన్నీ వదులై కుట్లు వేసుకోవాల్సొచ్చింది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలీదు. కర్దిమాన్ చొక్కా గుండీలు మాత్రం ఎప్పటిలాగే పొట్ట మీద బిగిసే ఉన్నాయి. పాపం, ఇంత నడిచినా ఈయన కరగడేమిటా అని జాలిపడేది. అయినా ఈమధ్య మళ్లీ ఇద్దరి రక్తం తీసినప్పుడు అతనే వెళ్లి, చక్కెర దిగిందన్న కబురు తెచ్చాడు. సుమర్సీ ఆనందంగా ఇరుగుపొరుగుకి వేపిన సోయాగింజల టెంపే ముక్కలు పంచింది.

అంతలో కర్దిమాన్, సెమరాంగ్ పట్నం నుంచి బుల్లిరైళ్ల నమూనాలు కట్టేవాళ్ల సంఘం ఆదివారం మనింటికి వస్తోందన్నాడు. సుమర్సీ గుండె జారిపోయింది. ఆమె మేకుల ప్రకారం ఆ రైలు వంతెన లేకుండానే వాగు దాటింది, మేకల దొడ్డి చుట్టూ తిరిగింది, మేకలే ఎక్కలేని వాలు ఎక్కింది. ఒకరోజు తొందరలో శ్మశానంలో కూడా ఒకటి పాతింది. రైళ్ల సంగతి తెలిసినవాళ్లు ఆ దారి చూస్తే మొగుడి మొహం మీదే నవ్వుతారు.

శనివారం మధ్యాహ్నం టీ అతని ముందు పెట్టి, ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. కర్దిమాన్ పట్టకారుతో అగ్గిపుల్లంత దుంగని బండి మీద అతికిస్తూ విన్నాడు.

“మొదటి రోజే తెలుసు. అవి పెద్ద రైలు మేకులు. మన అడవి రైలుకి అలాంటిది కొడితే పట్టాల కింది చెక్క చీలిపోతుంది.”

సుమర్సీ బల్ల వైపు చూసింది. ఆ మూల ఇంకా బోసిగానే ఉంది. ఇన్నాళ్లూ అక్కడ ఒక్క పట్టా కూడా ఎందుకు పడలేదో అప్పుడర్థమైంది. వచ్చేవాళ్లకి దాన్ని అలాగే చూపిస్తానని, తెలియనిది తెలియదని చెబుతానని అతనన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. జలగలు పట్టినా ఓర్చుకుని, గోళ్లలో మట్టి దూరేలా పాతిన మేకులన్నీ గుర్తొచ్చాయి.

“తెలిసి తెలిసీ మూడు నెలలు నన్ను గుట్టలన్నీ తిప్పారా? ఏం మనిషండీ మీరు? ఆ నడిచేదేదో డాక్టరు చెప్పిననాడే నోరు మూసుకుని నడవొచ్చుగా?”

కర్దిమాన్ పట్టకారు కింద పెట్టాడు.

“డాక్టరు నడవమన్నది నన్ను కాదు, నిన్ను.”