ఆరిన అక్షరం

రేపటికి మా పార్కుకు వందేళ్లు. తియాంజిన్‌లో కుంచెను నీళ్లలో ముంచి నేల మీద రాసే నీటిరాత మొనగాళ్లు ఇంతమంది ఉండగా, గేటు లోపలి బండల మీద దాని చరిత్ర రాసే అదృష్టం నాకు దక్కింది. సంబరంతో నిద్ర పట్టక, రాత్రే బకెట్టూ పొడుగాటి కుంచే పట్టుకుని సాధనకు వచ్చేశాను.

"యాన్ మాస్టారూ, పెళ్లికొడుకులా ముస్తాబయ్యారే!" అని నవ్వుతూ గేటు తీశాడు వాచ్‌మన్ గెంగ్.

మొదటి వాక్యం రాశాను: 'పార్కుకు ముందు ఇక్కడ మనుషులు లేరు.' మా చైనా లిపిలో 'లేరు' అనాలంటే 'ఉన్నారు'కు ముందు కాదనే అక్షరం ఒకటి చేర్చాలి. అది ఎంత అందంగా కుదిరిందో!

చూస్తుండగానే ఆ ఒక్క అక్షరం ఆరిపోయింది. మిగతావన్నీ తడిగా మెరుస్తున్నాయి. 'పార్కుకు ముందు ఇక్కడ మనుషులు ఉన్నారు.'

నవ్వుకుని మళ్లీ రాశాను. ఈసారి చెవి పక్కనే 'ఉఫ్'మని ఊదిన చప్పుడు వినిపించింది. మళ్లీ అదే అక్షరం ఆరింది.

"గెంగ్! ఊదేది నువ్వేనా? నాతో పరాచికాలా?" అని అరిచాను.

గేటు దగ్గరి గదిలోంచి పలికాడు గెంగ్. "నేనిక్కడ టీ తాగుతున్నా మాస్టారూ. మీతో వచ్చినవాళ్లంతా చుట్టూ వంగి చదువుతున్నారుగా, వాళ్లనడగండి!"