అధ్యక్షుడి ముక్కు

"ఈ నాలుగో గ్లాసుకు మొదటి స్థానమా? ఎర్విన్, మీరు దీన్ని వాసన చూసే ఇచ్చారా?"

వేరే లోయ నుంచి తీర్పు చెప్పడానికి వచ్చిన రోవీనా అడిగిన తీరుకు హాల్లో సీసాలు సర్దుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. బరోసా లోయ వైన్ల పోటీలో న్యాయనిర్ణేతల అధ్యక్షుణ్ణి పట్టుకుని అలా అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. ఎర్విన్ ముక్కంటే అక్కడ చర్చి గంట లాంటిది. అది మోగాక వాదనలుండవు.

బల్ల మీద ఆరు గ్లాసులున్నాయి. లోయ మొత్తంలో పేరుమోసిన, షిరాజ్ ద్రాక్షతో చేసిన ఖరీదైన ఎర్ర వైన్లు అవి. సీసాలకు కాగితపు సంచులు తొడిగారు కాబట్టి ఏది ఎవరిదో ఆ ముగ్గురు న్యాయనిర్ణేతలకూ తెలియదు. మొదట నిలిచినదాన్ని మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటిస్తారు. ఇక ఏడాదంతా బరోసా అంటే అదే.

"చూశాను కాబట్టే ఇచ్చాను," అన్నాడు ఎర్విన్.

"తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోందండీ! బిరడా చెడింది. నేను వైన్‌ను అనట్లేదు, ఈ సీసాను అంటున్నాను. ఇంకోటి తెరిపించండి, అది బాగుంటే నేనూ చప్పట్లు కొడతాను."

ఎర్విన్ గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. మంచినీళ్ళ గ్లాసులో ముక్కు పెట్టినట్టే ఉంది. మొన్న చలికాలం వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన వాసనను పట్టుకుపోయింది. పొయ్యి మీద సాసేజీలు మాడి ఇల్లంతా మాడు వాసన కమ్మినా, పక్క గదిలో ఉన్న ఆయనకు తెలియలేదు. పులుపూ వగరూ నాలుకకు తెలుస్తున్నాయి, అంతే. ఈ సంగతి బయటపడితే ఒంటి మీది తెల్లకోటు విప్పేసి ఇంటికి పోవాల్సిందే. ముక్కు పోయిన అధ్యక్షుణ్ణి చూసి లోయ లోయంతా ముక్కున వేలేసుకుంటుంది.

మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చాడంటారా? మూడో న్యాయనిర్ణేత గ్లెనిస్ పుణ్యమా అని. రుచి చూస్తున్నంతసేపూ న్యాయనిర్ణేతలు నోరు విప్పకూడదు. అలాగని ముఖాలు కప్పుకోమని ఎవరూ చెప్పలేదు కదా! పక్క కుర్చీలో గ్లెనిస్ ఏ గ్లాసు దగ్గర ఎక్కువసేపు ఆగితే దానికి ఆయన ఎక్కువ మార్కులు వేసేవాడు. వైన్ల మధ్య తల నెరిసిన మనిషి, ఆవిడకు తెలియందేముంది? ఇవాళ నాలుగో గ్లాసునైతే ఆవిడ కింద పెట్టనే లేదు.

"గ్లెనిస్, నువ్వు చెప్పు," అన్నాడు.

గ్లెనిస్ ఆయన వైపు ఒకసారి చూసింది. "చెప్పేదేముంది? నేనూ దానికే మొదటి స్థానం ఇచ్చాను. మార్చను."

ఎర్విన్‌కు కొండంత ధైర్యం వచ్చింది. "విన్నావా రోవీనా? అది కంపు కాదు, మా మట్టి వాసన. మెక్లారెన్ వేల్‌లో సముద్రపు గాలికి పెరిగిన మీకు మా మట్టి ఎక్కుతుందా?"

"మట్టిని మధ్యలోకి లాగకండి. చెడిన బిరడా మా లోయలోనైనా మీ లోయలోనైనా ఒకటే కంపు. అనుమానం వస్తే రెండో సీసా తెరవడం మన ఆనవాయితీ. మీరు ఊఁ అంటే నిమిషం పని."

నిజమే, నిమిషం పనే. కానీ తెరిచాక రెండింటికీ తేడా చెప్పమంటే?

"అక్కర్లేదు. ఇద్దరిది ఒక మాట, నీ ఒక్కదానిదీ ఒక మాట."

"అయితే నా పేరు తీసేయండి. కంపు సీసాకు కిరీటం పెట్టొచ్చానని మా ఊళ్ళో చెప్పుకోలేను."

"తీసేస్తాం. మళ్ళీ పిలవం కూడా. ముక్కు సరిగ్గా పనిచేయనివాళ్ళకు ఈ బల్ల దగ్గర చోటు లేదు!"

ఆ మాట అన్నాక ఎర్విన్‌కు చచ్చినంత పనైంది. రోవీనా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెల్లకోటు విప్పి కుర్చీ మీద వేసి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర నాలుగో గ్లాసు పేరు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. గెలిచినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కౌగలించుకున్నారు. ఎర్విన్ పళ్ళెంలో మెట్‌వుర్స్ట్ అనే పొగబెట్టిన సాసేజీ ముక్కలు, ఊరేసిన దోసకాయలు అలాగే ఉండిపోయాయి. తన ముక్కు పోయిందన్న బాధ కన్నా, ముక్కున్న మనిషిని ముక్కు లేదని గెంటేశానన్న సిగ్గు ఎక్కువగా ఉంది. ఉన్నమాట చెప్పేసి రోవీనాను వెనక్కి పిలవాలి, పదవి పోతే పోనీ అనుకున్నాడు. ముందు గ్లెనిస్‌కు చెబితే ఆవిడే దగ్గరుండి రెండో సీసా తెరిపిస్తుంది. ఎంతైనా ఆవిడ ముక్కు బాగానే ఉందిగా, రెండింటికీ తేడా ఆవిడే చెబుతుంది.

గ్లెనిస్‌ను వరండాలోకి పిలిచాడు.

"గ్లెనిస్, రోవీనాకు అన్యాయం చేశాను. నీకొక సంగతి చెప్పాలి. నా..."

"ముందు నన్ను చెప్పనీ ఎర్విన్, మళ్ళీ ధైర్యం చాలదు." ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇవాళ నువ్వు గట్టిగా నిలబడి నా పరువు కాపాడావు. జలుబు చేసి నా ముక్కు పోయి ఆరు నెలలైందయ్యా, పువ్వుకూ పేడకూ తేడా తెలియడం లేదు. నువ్వు దేనికి ఎంత వేస్తావో తేలేదాకా గ్లాసు పట్టుకుని నీ ముఖమే చూస్తూ కూర్చుంటున్నాను!"