పక్కన రాతలు

మా వంటింట్లో పొయ్యి నుంచి ఫ్రిజ్ దాకా అన్నీ ఒకే సెట్టింగుల ఫైలు చదువుకుని పనిచేస్తాయి. అందులో ప్రతి వరుస పక్కనా మా అత్తగారు వర్ధనమ్మ ఓ వ్యాఖ్య రాసేవారు.

"ఉప్పు: రెండు చెంచాలు" పక్కన, "కోడలు మూడంటుంది, వినొద్దు."

ఆ వ్యాఖ్యల్ని యంత్రాలు పట్టించుకోవు. వచ్చిన చుట్టాలే ఫ్రిజ్ తెర మీద తీరిగ్గా చదివేవారు. నాకు ఒళ్లు మండి, వ్యాఖ్యలు ఒప్పుకోని ఫార్మాట్‌లోకి ఫైలంతా మార్చేశాను.

"ఇకమీదట సెట్టింగులు తప్ప ఏమీ రాయకూడదండీ."

"సరేలే అమ్మాయ్, సెట్టింగే రాస్తాను."

మర్నాడు పొద్దున్న టీ పెట్టమంటే పొయ్యి ఉలకలేదు, పలకలేదు. ఫైలు చివర కొత్త సెట్టింగు కనబడింది. "కోడలి మాట: వినొద్దు." చెరిపేద్దామంటే ఫైలూ నా మాట వినలేదు.

"అత్తయ్యగారూ, పాత ఫార్మాటే పెట్టుకుందామండీ."

ఆవిడ పేపర్లోంచి తలెత్తలేదు. "ఆ మాట పొయ్యికి నేను చెప్పాలి కాబోలు."