వెనక బెంచీ బుబు

"దిస్ ఈజ్ ఎ ఫిష్," అన్నాడు టోవారా, చేప బొమ్మ పైకెత్తి.

"దిస్ ఈజ్ ఎ ఫిష్," అన్నారు పాతికమంది పిల్లలూ.

"వాట్ ఈజ్ దిస్?"

"వాట్ ఈజ్ దిస్!" పాతిక గొంతులూ పైన రేకులు అదిరేలా అరిచాయి.

టోవారా చెమట తుడుచుకున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఏబెల్ సారు ఏదో రాసుకుని నోట్‌బుక్ మూసేశారు.

ఏబెల్ ఆ దీవుల రాజధాని పోర్ట్ విలా నుంచి వచ్చారు. దీవుల్లో టీచర్లకు రెండు భాషల్లో పాఠం చెప్పడం నేర్పడమే ఆయన పని. ఇంటి భాషలో మొదలుపెట్టి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులోకి నడిపించాలి.

"నువ్వు చెయ్యి పట్టుకోలేదయ్యా, నీళ్లలోకి తోసేశావ్," అన్నారాయన బయటికొచ్చాక. "శుక్రవారం మళ్లీ చూస్తా. అప్పుడూ ఇదే తంతయితే సర్టిఫికెట్ ఇవ్వలేను."

ఆరేళ్లుగా సర్టిఫికెట్ లేకుండానే పాఠాలు చెబుతున్నాడు టోవారా. ఈసారీ రాకపోతే ఆ క్లాసులోకి ఇంకొకరొస్తారు. అతను వాళ్ల నాన్నతో కలిసి కొబ్బరి ఎండబెట్టుకోవాలి.

ఏబెల్ పక్క ఊరి టీచర్లను చూడడానికి వెళ్లిపోయారు.

మర్నాడు టోవారా వచ్చేసరికి వెనక బెంచీ మీద ఒక ముసలామె ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది.

"ఎవరు బుబూ నువ్వు?" ఆ దీవిలో తల నెరిసినవాళ్లందరూ బుబులే.

"నా పేరు లెయిసావి. చుట్టాలింటికొచ్చా నాయనా. శుక్రవారం దాకా ఓడ లేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నాకూ నేర్పు."

"ఈ వయసులో ఎందుకు బుబూ?"

"నేర్పడం చేతకాదా, ఇష్టం లేదా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. టోవారా బోర్డు వైపు తిరిగి, ఆ దీవిలో ఇంటింటా వండే దుంప రొట్టె లాప్‌లాప్ మీద ఒక వాక్యం రాశాడు.

"వుయ్ ఈట్ లాప్‌లాప్."

ముసలామె చెయ్యెత్తింది. "వుయ్ అంటే?"

"అంటే మనం."

"ఓహో, నువ్వూ మేమూ కలిసి తింటున్నాం. బావుంది. మరి నీకు పెట్టకుండా మేమే తినేస్తే?"

టోవారా తల గోక్కున్నాడు. "అదీ... వుయ్యే."

"పెట్టినా వుయ్యే, పెట్టకపోయినా వుయ్యేనా? మరి ఆ తెల్లోళ్లు భోజనానికి పిలిచారో పొమ్మన్నారో ఎట్లా తెలుస్తుందయ్యా?"

క్లాసంతా గొల్లుమంది. నవ్వకూడదనుకున్న టోవారా కూడా నవ్వేశాడు.

మెరెలిన్ అనే చిన్నపిల్ల లేచి ఇంటి భాషలో ఏదో మొదలుపెట్టింది.

"ఇంగ్లీష్ ఓన్లీ!" అలవాటుగా గద్దించాడు టోవారా.

ముసలామె ముఖం పాలిపోయింది.

"దాని నోరు మూయించకు నాయనా," అంది. అంతవరకూ లేని బరువు ఆ గొంతులో. "తెలిసిన మాటలో అడగనీ. తెలియని మాట తర్వాత అదే వస్తుంది."

టోవారా ఆమెను ఒక్క క్షణం చూశాడు. తర్వాత మెరెలిన్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా, ఏమంటున్నావ్?"

"ఇంగ్లీషులో మనం, మేము వేరువేరుగా లేకపోతే, చేత్తో చూపిస్తే సరిపోతుంది కదా సార్?"

ఆరేళ్లలో అతనికి తట్టని పాఠం అది.

మర్నాడు తన క్యారేజీలోని లాప్‌లాప్ తెచ్చి పిల్లల్ని రెండు జట్లు చేశాడు. "మనం తింటున్నాం" అని ఇంటి భాషలో చెప్పి, చేతులు చాచి అందరినీ కలుపుకుని "వుయ్" అన్నాడు. "మేము తింటున్నాం" అని చెప్పి, తన జట్టును మాత్రమే దగ్గరికి లాక్కుని మళ్లీ "వుయ్" అన్నాడు.

మధ్యాహ్నానికి పిల్లలు లాప్‌లాప్ లాగేసుకుని, అతని వైపు వేలు చూపించి సొంతంగా ఇంగ్లీషు వాక్యం తయారుచేశారు.

"వుయ్ ఈట్! సార్ నో ఈట్!"

"సార్ డజ్ నాట్ ఈట్," అని సరిచేశాడు టోవారా, ఆకలితో, పట్టలేని సంతోషంతో.

గురువారం దాకా అదే సందడి. ముసలామె తప్పు పలికినప్పుడల్లా పిల్లలు ఎగబడి దిద్దారు. దిద్దడానికే ఇంగ్లీషు నేర్చుకున్నారు.

శుక్రవారం ఏబెల్ గుమ్మం దగ్గరికి రాగానే ముసలామె సంచి తీసుకుని వెనక తలుపు గుండా వెళ్లిపోయింది. ఓడకి టైమైందేమో అనుకున్నాడు టోవారా.

పాఠం అయ్యేసరికి ఏబెల్ నోట్‌బుక్ పక్కన పెట్టేసి పిల్లలతో పాటు చప్పట్లు కొడుతున్నారు.

"సర్టిఫికెట్ సంగతి అలా ఉంచు. వచ్చే నెల మిగతా దీవుల టీచర్లకు ఈ పాఠం నువ్వే చెప్పాలి," అన్నారు. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"ఇంగ్లీషు ముక్క రాని ఒక బుబు దగ్గర సార్. లెయిసావి అట పేరు."

ఏబెల్ చప్పట్లు ఆగిపోయాయి.

"పొడుగ్గా ఉంటుందా? మాట్లాడితే కుడి కనుబొమ్మ పైకి లేస్తుందా?"

"అవును సార్. ఓడకి వెళ్లింది..."

మాట పూర్తికాకముందే ఏబెల్ పరుగందుకున్నారు. చెప్పులు మెట్ల దగ్గరే ఉండిపోయాయి. వెనకే టోవారా, అతని వెనక పాతికమంది పిల్లలు.

వాళ్లు ఇసుకలోకి దిగేసరికి ఓడ సముద్రం మీద చిన్న తెల్ల చుక్కయింది. పిల్లలు చేతులూపుతూ "గుడ్ బై బుబూ!" అని కేరింతలు కొట్టారు. ఏబెల్ కూడా రెండు చేతులూ ఎత్తి ఊపారు.

"ఆవిడ పిల్లలతో కూర్చుందా? నవ్విందా?"

"నవ్వించింది కూడా సార్. ఇంతకీ ఎవరావిడ?"

ఏబెల్ కళ్లు తుడుచుకుని నవ్వారు.

"మా ఇంగ్లీషు బడి హెడ్‌మిస్ట్రెస్ అయ్యా, చిన్నప్పుడు క్లాసులో ఒక్క మాట మన భాషలో అన్నందుకు నన్ను పొద్దుగూకే దాకా ఎండలో నిలబెట్టింది ఆవిడే."