ఇరవై వేల ఏళ్ళ దిబ్బ

పక్కింటావిడ అత్తగారి చెవిన వేసిందేమిటంటే, "మీ కోడలు ఆఫీసులో చీకటి గదిలో తలుపేసుకుని, ఎర్ర బల్బు కింద ఇసుక వేయిస్తోందట. మా తోడికోడలు కళ్ళారా చూసిందట."

కడుపులో మాట దాగని అత్త, భోజనాల దగ్గర ఆ ముక్క అననే అంది.

"వేయించడమే కాదత్తయ్యా, ఒక్కో రేణువునీ విడివిడిగా పలకరిస్తున్నాను" అంది కోడలు. "ఎండ తగిలితే ఇసుక తన వయసు మర్చిపోతుంది. పూడుకుపోయాక మళ్ళీ సున్నా నుంచి మొదలు. చీకట్లో దాన్ని వేడిచేసి, సన్నటి కాంతితో తడితే మిణుకుమంటుంది. ఆ మిణుకును బట్టి ఎన్నేళ్ళుగా పూడి ఉందో చెప్పొచ్చు. మామయ్య గుప్పెడు కలిపి చూసేవారు. నేను గింజ గింజా చూస్తున్నాను."

"చూసి ఏం తేల్చిందో అడుగు! నా దిబ్బకి పదకొండేళ్ళట!" మామ చేతిలో ముద్ద కంచంలో పడింది.

ఊరవతల ఇసుక దిబ్బని ఇరవై వేల ఏళ్ళ నాడు గాలి తెచ్చి పోసిందని తేల్చినవాడు ఆయనే. ఆయన పుస్తకం, శాలువాలు, కోడలు పనిచేసే ఆ ఆఫీసులోనే పెద్ద కుర్చీ, అన్నీ ఆ దిబ్బ మీదే నిలబడ్డాయి.

"పదేళ్ళ కింద కొలిచాను దాన్ని. అంటే అప్పటికి దానికి పాలపళ్ళు కూడా రాలేదన్నమాట!"

"చాలా రేణువులు మీ లెక్కే చెబుతున్నాయి మామయ్యా. కొన్ని మాత్రం పదకొండేళ్ళ కింద ఎండ చూశామంటున్నాయి."

"ఎండ కాదమ్మాయ్, నీ ఫోను వెలుగు చూసుంటాయి."

"ఫోను వెలుగైతే సున్నా రావాలిగా?"

మామకి ఒళ్ళు మండింది. "సోమవారం కమిటీ. దిబ్బ లెక్క కుదరకపోతే నీ పద్ధతీ చెత్తబుట్టలోకే, నీ ఉద్యోగమూ చెత్తబుట్టలోకే. కోడలివని చూడను."

అత్త మజ్జిగ గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి తప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే, మళ్ళీ కొలవడానికి ఇసుక తీస్తుంటే, దిబ్బ దగ్గర మామే నల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు, దానికి వెలుతురు తగలకుండా. కొత్తగా చేరిన జీపు డ్రైవరు ఇనప గొట్టాన్ని సుత్తితో ఇసుకలోకి దిగ్గొడుతున్నాడు. కోడలు గొట్టం కదలకుండా పట్టుకుంది.

"ఏమోయ్, ఈ అమ్మాయికి చదువెక్కువై మతి తక్కువైంది" అన్నాడు మామ. "ఇంత దిబ్బ పోగవడానికి గాలికి ఎన్ని వేల ఏళ్ళు పడుతుందో నువ్వే చెప్పు."

డ్రైవరు సుత్తి దించి చెమట తుడుచుకున్నాడు.

"గాలి సంగతి నాకు తెలీదు సార్, పదకొండేళ్ళ కింద మా లారీకి మాత్రం నాలుగు రోజులు పట్టింది."