పళ్ళ తనిఖీ

"పళ్ళు తోమక గుండె పాడైందంటారా?"

హెడ్మిస్ట్రెస్ గొంతుకి ఐసీయూ ముందు కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

గుండె డాక్టరు మాత్రం గొంతు పెంచలేదు. "చిగుళ్ళు చీము పట్టాయండీ. ఆ క్రిములు రక్తంలో కలిసి, మీ తమ్ముడికి మేం వేసిన కొత్త వాల్వు మీద చేరాయి. మళ్ళీ ఆపరేషన్ తట్టుకునే ఓపిక ఆయన ఒంట్లో లేదు. మందులు పనిచేస్తే సరే. లేకపోతే..."

"ఈ ముక్క ముందే చెప్పొద్దా?"

"చెప్పాం. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక, ఇంటికి పంపేటప్పుడు మరీ మరీ చెప్పాం. మందులెంత ముఖ్యమో నోరు శుభ్రంగా ఉంచడమూ అంతే, పొద్దునా రాత్రీ ఎవరో ఒకరు తోమాలి అని. ఆవిడ ఎదురుగానే."

ఆవిడంటే మరదలు. బెంచీ చివర, ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

హెడ్మిస్ట్రెస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ బడిలో ప్రార్థన కాగానే పిల్లలంతా వరసలో నిలబడి "ఈ" అని పళ్ళు చూపించాలి. పాచిపళ్ళు కనిపిస్తే తిన్నగా కుళాయి దగ్గరికే. చెయ్యి అడ్డం పెట్టాడంటే వాడు తోముకోలేదన్నమాటే. అంతమంది పిల్లల పళ్ళు చూసే మనిషి సొంత తమ్ముడే పళ్ళ మూలంగా పోతాడా?

"ఆయాని పెట్టుకున్నారుగా. అదేం వెలగబెడుతోంది?"

మరదలు తల ఇంకా కిందికి దించుకుంది. అది చూస్తే ఇంకా మండింది. హెడ్మిస్ట్రెస్ విసవిసా బయటికి నడిచి, కారు తీసుకుని తమ్ముడి ఇంటికెళ్ళింది.

ఆయా పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"మనిషి నోరు కుళ్ళిపోతుంటే నువ్వేం చేస్తున్నావే? కుర్చీలో గుర్రు పెడుతున్నావా?"

ఆయా దుప్పటి దులిపి మరీ జవాబిచ్చింది. "నన్నంటారేంటమ్మా? స్నానం నాది, పక్క మార్చడం నాది, గడ్డం గీయడం కూడా నాదే. నోటి జోలికి మాత్రం రావద్దన్నారు మీ మరదలుగారు. ఆయన నోరు నేనే చూసుకుంటానన్నారు. మొగుడంటే ఎంత ప్రేమో అనుకున్నా."

హెడ్మిస్ట్రెస్ స్నానాల గదిలోకి వెళ్ళింది. అరిగిన సబ్బు. వెంట్రుకలు చుట్టుకున్న దువ్వెన. వేలు వాచిందని తీసిపెట్టిన తమ్ముడి ఉంగరం. హెడ్మిస్ట్రెస్ తనే చేయించి తొడిగింది. తమ్ముడి పిడికిలికి ఆ బరువుంటేనే అందమని మురిసిపోయింది.

ఉంగరం పక్కన బ్రష్షు. కవరు చింపలేదు. పేస్టు గొట్టం మూతి మీద సీలు కూడా ఊడలేదు.

ఆవిడ బ్రష్షుని గుప్పిట్లో బిగించి బయటికి నడిచింది.

ఆస్పత్రికి తిరిగొచ్చి ఆ బ్రష్షుని మరదలి ఒళ్ళో విసిరేసింది.

"ఏమిటిది?"

మరదలు దానివైపు చూసింది. చెయ్యి నోటికే ఉంది.

"మర్చిపోయావా? బద్ధకమా? లేక వాడు పోతే పీడా పోతుందనుకున్నావా? అసలు వాడు నీకేం తక్కువ చేశాడే? నువ్వు కళ్ళు నెత్తికెక్కి మెట్ల మీంచి పడి మూతి పగలగొట్టుకుంటే, పరుగున ఆస్పత్రికి మోసుకెళ్ళింది వాడు కాదూ? అదీ ఒకసారా? రెండోసారి పడ్డప్పుడు కూడా నవ్వుతూ 'దీనికి ఇంకా నడక రాలేదక్కా' అన్నాడే గాని, నిన్ను పల్లెత్తు మాటన్నాడా? నీ మూతి మానేదాకా తనే చెంచాతో తాగించానని చెప్పాడు నాకు. అలాంటివాడికి పొద్దునో చిటికెడు పేస్టు, రాత్రో చిటికెడు పేస్టు. దానికి చేతులు రాలేదా నీకు?"

వాచ్‌మన్ ఇటు చూడనట్టు నటిస్తున్నాడు. నర్సు తలుపు తీసి, మళ్ళీ వేసేసింది.

"నిన్నే. మాట్లాడవేం?"

మరదలు భుజాలు కదిలాయి. ఏడుపో నవ్వో తెలియలేదు. నవ్వే అనిపించింది హెడ్మిస్ట్రెస్‌కి. దాంతో బడిలో వరస ముందు నిలబడి అరిచే గొంతే వచ్చింది.

"చెయ్యి తియ్. తీసి చెప్పు."

మరదలు బుద్ధిమంతురాలైన పిల్లలా చెయ్యి ఒళ్ళోకి దించి, ముందు పళ్ళు ఒక్కటీ మిగలని నోటితో, "ఆయన నా నోరు ఎలా చూసుకున్నారో, నేనూ ఆయన నోరు అలాగే చూసుకున్నాను వదినా" అంది.