చెయ్యి: కుడి

అబిడ్స్‌లో కొత్తగా తెరిచిన వర్చువల్ బేస్‌బాల్ గదిలో, స్క్రీన్ మీద నా బంతి వేగం గంటకు అరవై ఎనిమిది కిలోమీటర్లు అని పడింది. తర్వాత నా భార్య జిప్పోరా విసిరింది. డెబ్బై తొమ్మిది!

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆఫీసు క్రికెట్ టీమ్‌లో పదేళ్లు బౌలింగ్ చేసినవాణ్ణి నేను. ఈవిడ బంతి ముట్టుకోవడం ఇదే మొదలు.

"వేగం కొలిచే కెమెరాలు నీ బంతిని సరిగ్గా పట్టలేదు," అన్నాను.

"పోన్లెండి," అని నవ్వింది. ఆ నవ్వు ఇంకా మండించింది.

స్క్రీన్ దగ్గరికెళ్లి తప్పు వెతికాను. దొరికింది. ఆమె పేరు పక్కన 'చెయ్యి: కుడి' అని ఉంది.

"చూశావా! నీది పుట్టుకతో ఎడమచేతి వాటం. మెషీన్ కుడి అంటోంది. మొత్తం తప్పే!" అందరికీ వినపడేలా అన్నాను.

"తప్పేం కాదండీ. కుడి చేత్తోనే విసిరాను. మీరు నన్నెక్కడ చూశారు, నంబరే చూస్తున్నారుగా."

"కుడి చేత్తో ఎందుకు?"

"అలవాటైపోయింది. పెళ్లయిన మర్నాడు ఎడం చేత్తో కూర వడ్డించబోతే గరిటె లాక్కున్నారుగా మీరు."

తర్వాతి బంతిని ఆమె ఎడం చేతిలోకి మార్చుకుంది.